గ్యాపకార్దం

మా ఊరి బడిలో మూడో గది వాకిలి మీద 27 ఏళ్ళ పాటు ఒక అక్షరదోషం ఉండింది. ఆకుపచ్చ ఎనామిల్ రంగుతో, జానెడంత అక్షరాలతో, చివరికొచ్చేసరికి కొంచెం కిందికి జారిపోతూ: "సైకిలన్న గ్యాపకార్దం కట్టిన పాఠశాల గది". పోయిన ఏడు దాన్ని దిద్దించింది నేనే. ఇంకెవర్నీ అనడానికి లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరందరి రాతల్లో ఒత్తులూ దీర్ఘాలూ సరిచేస్తే గానీ ఇల్లు గడవని ఉద్యోగం నాది. ఆ దురద సొంతూరి దాకా పాకింది.

మాది నెల్లూరు జిల్లా మెట్ట. కలిగిరికీ వింజమూరుకీ నడుమ. నెల్లూరు అనగానే బయటివాళ్ళు మొలగొలుకుల బియ్యం, చేపల పులుసు అంటారు. ఆ నెల్లూరు వేరు, పెన్న కింద ఉండేది. మాకు వరి అంటే చెరువు నిండిన ఏడే. మిగతా ఏళ్ళు జొన్న, సజ్జ, కంది, అన్నిటికన్నా జాస్తిగా పొగాకు. సంక్రాంతి వచ్చిందంటే ఆకు విరవాలి, కట్టెలకు అల్లాలి, ఆకు కాల్చే బ్యారన్లకు ఎక్కించాలి. ఆ మూడు నాలుగు నెలలూ మా అమ్మ చేతులు, మా మేనత్త చేతులు నల్లగా ఉండేవి. పొగాకు బంక సబ్బుకు పోదు. చింతపండు పెట్టి రుద్దినా సగమే పోతుంది. ఆ చేత్తో సంగటి ముద్ద కలిపి పెడితే నాలిక్కి చేదు తగిలేది. పిల్లలం మొహం వికారంగా పెడితే మా అత్త, "తినరా, ఈ చేదుతోనే గదా నీకు చొక్కా వచ్చింది" అనేది.

1991 మొదట్లో నేను నాలుగో తరగతి. మా బడికి అప్పుడు రెండు గదులు. ఒకటి బంగాళా పెంకులది, వాన పడితే పిల్లలం పొడిగా ఉన్న చోటికి జరుగుతా జరుగుతా చివరికి అయివోరి కుర్చీ దగ్గర ముద్దగా చేరేవాళ్ళం. రెండోది శ్లాబు గది, కొత్తది. 1987లో కేంద్రం ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని పెట్టి, ఒక గదీ ఒక అయివోరూ ఉన్న బళ్ళకు రెండో గదీ రెండో అయివోరూ ఉండాలంది గదా, ఆ లెక్కన వచ్చింది. దాంతోబాటు ఒక రేకు పెట్టె, పెట్టె నిండా పాఠాల సామాను. పెట్టెకు తాళం. అందులో ఉన్న గ్లోబును నేను ఐదో తరగతి దాటేలోగా రెండుసార్లు చూశాను.

ఆ ఏడు ఊళ్ళోకి కళాజాత వచ్చింది. జన విజ్ఞాన వేదిక వాళ్ళు రావిచెట్టు కింద డప్పు కొట్టి, పాటలు పాడి, ఒక నాటిక వేశారు. కేరళలో ఎర్నాకుళం జిల్లా జిల్లా అంతా 1990కే అక్షరాలు నేర్చేసింది, ఇప్పుడు నెల్లూరు వంతు అన్నారు. 15 నుంచి 35 ఏళ్ళ మధ్య చదువు రానోళ్ళందరికీ రాత్రి బడి. చెప్పేవాళ్ళకు జీతం లేదు, వాలంటీర్లే. చదువుకున్నోళ్ళు చేతులెత్తండి అంటే డిగ్రీలు చదివి ఖాళీగా ఉన్న నలుగురు ఎత్తారు. సైకిలన్న ఎత్తలేదు. ఆయన అప్పుడు అక్కడే, తన అంగట్లో, ఎవరిదో చక్రానికి బెండు తీస్తా ఉన్నాడు.

ఆయనకు ఎడమ కాలు పోలియో. చిన్నప్పుడే సన్నబడిపోయింది. పది పరీక్ష తప్పాడు, మళ్ళీ కట్టలేదు. కూడలిలో వేపచెట్టు కింద నాలుగు రేకులు నిలబెట్టి సైకిళ్ళు బాగుచేసేవాడు. ఒంటికాలితో సైకిలు తొక్కడం ఆయన దగ్గరే చూశాను. కుడి పెడలు మీద ఒక్క తోపు తోసి, అది మళ్ళీ పైకొచ్చేదాకా గాల్లో తేలినట్టు పోయేవాడు. అసలు పేరు ఊళ్ళో సగం మందికి తెలీదు. పిల్లలకు సైకిలన్న, పెద్దవాళ్ళకు సైకిలబ్బాయి.

డిగ్రీ వాలంటీర్లలో ముగ్గురు వారానికే మానేశారు. నాలుగో ఆయనకు హైదరాబాదులో ఏదో పని దొరికింది. పలకలు, బలపాలు, వాచకాలు, ఒక లాంతరు పంచాయతీ అరుగు మీద పడి ఉన్నాయి. ఒక సాయంత్రం సైకిలన్న వాటిని క్యారియరుకు కట్టుకుని మా బడికి తెచ్చాడు. ఎవరూ అడగలేదు. అయివోరి దగ్గర శ్లాబు గది తాళంచెవి తీసుకుని, వీధి వీధి తిరిగి బెల్లు కొట్టాడు. సైకిలు బెల్లే. తర్వాత రెండేళ్ళు మా ఊళ్ళో రాత్రి ఎనిమిదింటికి ఆ బెల్లు మోగేది.

మొదటి రోజు ఐదుగురు వచ్చారు. నెలకు 14 మంది అయ్యారు, అందరూ ఆడవాళ్ళే. మగవాళ్ళకు వేరే బడి పెట్టారు గానీ దానికి పోటీగా సారా అంగడి ఉండింది, చెప్పేదేముంది. 35 ఏళ్ళు దాటినోళ్ళకు లెక్కలో చోటు లేదన్నారు. మా వీధి చివర ఉండే ఒక అవ్వకు అరవై ఉంటాయి. "నాకు ముప్పై ఏళ్ళని తప్పుగా రాసుకో అబ్బయా" అని వచ్చి కూచునింది. లాంతరుకు కిరసనాయిలు ఎవరింటి నుంచి వాళ్ళు తేవాలి, మందు సీసా మూతతో కొలిచి. కోటా కిరసనాయిలు ఇంటికే చాలని రోజులవి. మా అమ్మ ఒక్కోసారి ఇంట్లో బుడ్డి ఆర్పేసి ఆ మూతెడు పట్టుకొచ్చేది. నేనూ వెంటపోయేవాడిని. లాంతరు మసి తుడవడం నా పని. ఆ గదిలో పగలు నేను చదివేవాడిని, రాత్రి నా చోట మా అమ్మ కూచునేది. నిజంగా నా చోటే, కిటికీ పక్కన.

పాఠం అఆలతో మొదలయ్యేది కాదు. ముందు మాట చూపించి, మాటలోంచి అక్షరాన్ని విడదీసి నేర్పేవాళ్ళు. మూడు వాచకాలు, రెండు వందల గంటలు. సైకిలన్న ఆ పద్ధతిని పట్టుకున్నాడు గానీ మాటలు మాత్రం అంగట్లోంచి తెచ్చుకునేవాడు. సున్న అంటే బేరింగు గుండు. ఏత్వం అంటే హ్యాండిలు వంపు. ఠ చెప్పిన రోజు నాకు బాగా జ్ఞాపకం. మా అత్తకు రకీ ఠకీ తేడా తెలిసేది కాదు. ఎన్నిసార్లు చెప్పినా చుక్క మర్చిపోయేది. ఆయన లేచి బయటికి కుంటుకుంటా పోయి, తన సైకిలు ముందు చక్రం విప్పి గదిలోకి తెచ్చి లాంతరు ముందర పెట్టాడు. గోడ మీద ఇంత పెద్ద నీడ పడింది, చువ్వలతో సహా. "ఇది చక్రం. మధ్యలో ఇదేంది?" అన్నాడు. "ఇరుసు" అన్నారందరూ. "ఇరుసు లేకుంటే తిరగతాదా?" "తిరగదు." "ఠ కూడా అంతే అక్కా. చుక్క పెట్టకుంటే అది ర లాగా పడి ఉంటాది, కదల్దు" అన్నాడు. మా అత్త పలక మీద ఠ రాసి, బలపం కొనతో మధ్యలో ఒక పోటు పొడిచింది. పలక టక్కుమనింది. ఆ తర్వాత ఆమె ఠ ఎక్కడ రాసినా ఆ చుక్క మిగతా అక్షరం కన్నా లావుగా ఉండేది.

ఒత్తు అంటే సైకిలు స్టాండు. "కింద అది దించకుండా వదిలేస్తే మాట పక్కకు పడిపోతాది" అనేవాడు. తప్పులకు కోప్పడేవాడు కాదు. "ఎట్ట పలుకుతారో అట్ట రాయండి. తప్పుంటే దిద్దుకుందాం. అసలు రాయకుంటే దిద్దేదానికి ఏముంటాది?" అని ఆయన మాట. ఈ మాట నా ఉద్యోగంలో ఎవరికీ చెప్పలేదు నేను, చెబితే నా పనికే మోసం.

పలకలన్నీ వారానికే నల్లటి వేలి గుర్తులతో నిండిపోయాయి, బంక. పొద్దున బడికి మేం ఆ పలకలు ముట్టుకుంటే చేతులకు అంటుకునేది. అయివోరు ముందు విసుక్కున్నాడు, తర్వాత ఒక బకెట్టు నీళ్ళు పెట్టించాడు.

ఆ ఫిబ్రవరిలోనే జనాభా లెక్కలు. మా అయివోరే కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. మా అత్తను అడిగాడు, చదవడం రాయడం వచ్చా అని. "నేర్చుకుంటా ఉండా, వచ్చని రాసుకో" అనింది ఆమె. "ఇంకా రాలేదు గదమ్మా, వచ్చినాక వచ్చే లెక్కల్లో రాస్తాం" అన్నాడాయన. "పదేళ్ళకు గదా వచ్చేది! ఈ లోపల నేను వచ్చినదాన్నా, రానిదాన్నా?" అని పోట్లాట పెట్టుకుంది. ఆ లెక్కల్లో రాష్ట్రంలో చదువొచ్చిన ఆడవాళ్ళు నూటికి 33 మంది కూడా తేలలేదు. మా అత్త రాని వాళ్ళలోనే పడింది. రెండు నెలలకు పొగాకు కూలి పుస్తకంలో సంతకం పెట్టింది. మేస్త్రీ అలవాటుగా ఇంకు డబ్బీ ముందుకు తోస్తే వెనక్కి తోసి, పెన్ను అడిగింది. ఇంటికొచ్చి బొటనేలు ఎత్తి చూపించి, "ఇంక ఇది సంగటి పిసకడానికి తప్ప దేనికీ పనికిరాదు" అని ఇల్లంతా చెప్పుకుని నవ్వింది.

తర్వాతి సంగతి నెల్లూరు జిల్లాలో అందరికీ తెలిసిందే. వాచకంలో సీతమ్మ అని ఒకామె కథ ఉండేది, తాగుడు వల్ల పాడైపోయిన సంసారం. మా వాళ్ళు ఆ పాఠం దగ్గర ఆగిపోయారు. చదవడం ఆపి ఎవరి కథ వాళ్ళు చెప్పుకోవడం మొదలుపెట్టారు. మా మామ ఆ సారాతోనే పోయాడు, అత్త పుట్టింటికి చేరింది అందుకే. ఆ రాత్రి ఆమె ఏమీ చెప్పలేదు, పాఠం మళ్ళీ మొదటి నుంచి చదవమనింది. 1992లో మా కలిగిరి మండలంలోనే దూబగుంటలో రోశమ్మ, తక్కిన ఆడవాళ్ళు కలిసి సారా అంగడి మూయించారని తెలిసింది. మా ఊరి ఆడవాళ్ళు రోశమ్మను చూసిందీ లేదు, మాట్లాడిందీ లేదు. "వాళ్ళ ఊళ్ళో అయితే మన ఊళ్ళో ఎందుకు కాదు" అనుకున్నారంతే. చీపుర్లు, కారప్పొడి పొట్లాలు పట్టుకుని ఊరి మొదట్లో మూడు రోజులు కూచున్నారు. సారా పాకెట్ల జీపు రాలేదు. నాలుగో రోజు వచ్చింది, వచ్చినట్టే తిరిగి పోయింది.

సైకిలన్న అందులో ఎక్కడా ముందు నిలబడలేదు. అయినా కోపం ఆయన మీదే చూపించారు. ఒక రాత్రి అంగట్లో ఉన్న సైకిళ్ళన్నిటికీ గాలి తీసేశారు, మొత్తం పదకొండు. పొద్దున్నే మేం బడికి పోతుంటే ఆయన చెమటలు కక్కుకుంటా పంపు కొడుతున్నాడు. "ఎవరన్నా తీసింది?" అని అడిగితే, "ఎవరైతే ఏంలే, రేపు వాళ్ళ సైకిలుకు గాలి కావాలన్నా నా దగ్గరికే గదా రావాల" అన్నాడు. తర్వాత ముందు మా జిల్లాలో, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. ఆ పొద్దు ఆయన అంగట్లో ఫ్రీగా గాలి కొట్టాడని అంటారు. నాకైతే గుర్తు లేదు, ఎప్పుడూ ఫ్రీగానే కొట్టేవాడు మాకు.

రాత్రి బడి మెల్లగా పొదుపు గుంపు అయింది. రోజుకు ఒక రూపాయి. లెక్క పుస్తకం మా అమ్మ దగ్గర ఉండేది, కూడికలు సైకిలన్న సరిచూసేవాడు.

1996లో ఆయనకు కామెర్లు. పసరు మందన్నారు, తర్వాత కావలి తీసుకుపోయారు. పదిహేను రోజుల్లో పోయాడు. ముప్పై అయిదు నిండలేదు. పెళ్ళి కాలేదు. ఆ రాత్రి బెల్లు కొట్టే వాళ్ళు లేకపోయినా ఆడవాళ్ళందరూ ఎనిమిదింటికి బడికాడికి పోయి మెట్ల మీద కూచున్నారు.

మరుసటి ఏడాది జనవరిలో ప్రభుత్వం వాళ్ళ జన్మభూమి కార్యక్రమం మొదలైంది. ఊరి వాటా ఇస్తే పని వస్తుంది అన్నారు. మా వాళ్ళు బడికి మూడో గది అడిగారు. పొదుపు డబ్బుల్లోంచి కొంత, మిగతాది ఒళ్ళు వంచి. ఇసుక మోసింది, పునాదికి రాళ్ళు అందించింది ఎక్కువ మంది ఆ 14 మందే. (అదే ఏడు రాష్ట్రంలో మద్యనిషేధం ఎత్తేశారు. మా అత్త దీని మీద అన్న మాటలు ఇక్కడ రాయకూడదు. సారా అంగడి మాత్రం మా ఊళ్ళో మళ్ళీ తెరవలేదు.) గది లేచాక పేరు దగ్గర గొడవ. డబ్బున్న పెద్దమనిషి ఒకాయన వాళ్ళ నాయన పేరు పెట్టాలన్నాడు, తలుపులు కిటికీలు ఇస్తానన్నాడు. వాయిదాల మీద వాయిదాలు. రేపు ప్రారంభం అనగా లోపల వరండాలో శిలాఫలకం బిగించారు, దాని నిండా వచ్చేవాళ్ళ పేర్లూ హోదాలూ. గది ఎవరి పేరు మీదో మాత్రం అందులో లేదు.

ఆ రాత్రి మా అత్త నన్ను లేపింది. అప్పుడు నేను పదో తరగతి, హాస్టలు నుంచి వచ్చి ఉన్నాను. బ్యారన్ నిచ్చెన నేను మోశాను, మా అమ్మ లాంతరు పట్టుకుంది. సైకిలన్న అంగట్లో ఫ్రేములకు వేసే ఆకుపచ్చ రంగు డబ్బా సగం మిగిలి ఉంటే వాళ్ళ అమ్మనడిగి తెచ్చింది. కుంచె లేదు. వేపపుల్ల నమిలి కొసన చీలికలు చేసింది. నిచ్చెన ఎక్కి ఒక్కో అక్షరం నోటితో పలుకుతా రాసింది. "గ్యా" దగ్గర నేను ఉండబట్టలేక, "అత్తా అది గ్యా కాదు, జకు కింద..." అన్నాను. "నువ్వు చదివేది చదువుకో. నేను పలికేది ఇదే. ఎట్ట పలికితే అట్ట రాయమన్నాడు" అనింది, వెనక్కి తిరగకుండానే. ర కింద థ ఒత్తు రావాల్సిన చోట ద ఒత్తు పెట్టింది. స్టాండు వేసింది గానీ వేరే సైకిలుది. "అసలు పేరు రాయక్కర్లేదా?" అని మా అమ్మ అడిగితే, "ఆ పేరు రాస్తే ఎవరికి తెలుస్తాది?" అనింది. పాఠశాల దగ్గరికి వచ్చాక కొంచెం ఆగింది. ఠ చుట్టి, పుల్లను డబ్బాలో నిండా ముంచి, మధ్యలో పొడిచింది. ఆ చుక్క నుంచి రంగు కిందికి ఒక చార కారింది. 27 ఏళ్ళు అట్లాగే ఉండింది ఆ చార.

పొద్దున వచ్చినవాళ్ళు చూశారు. ఎవరూ చెరిపెయ్యమనలేదు. ఒకాయన మాత్రం "బడి మీద తప్పులేంది" అన్నాడంట. తలుపులు ఇస్తానన్న పెద్దమనిషి ఇవ్వలేదు, రెండేళ్ళు ఆ గదికి తడికే తలుపు.

ఆ గదిలో ఎన్నో జరిగాయి, 2003 నుంచి మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు కూడా అందులోనే ఉండేవి. వాటిని వదిలేస్తాను. పోయిన ఏడు పాత విద్యార్థులం వాట్సప్‌లో గుంపు కట్టి చందాలు వేసుకుని బడికి రంగులు వేయించాం. రాయాల్సిన మాటలు నన్నే పంపమన్నారు, తెలుగు పని చేసేవాడిని కదా. రేషను కార్డులోంచి ఆయన అసలు పేరు ఇంటిపేరుతో సహా తెప్పించుకున్నాను. ముందు "కీర్తిశేషులు", వెనక "గారి" తగిలించి, జ్ఞాపకార్థం అని ఒత్తులన్నీ చక్కగా పెట్టి, "నిర్మించిన పాఠశాల గది" అని పంపాను. కావలి నుంచి పెయింటరు వచ్చి రాశాడు. ఈసారి వాకిలి మీద రాయలేదు, పక్క గోడ మీద, మనిషి ఎత్తున, నీలం అక్షరాలు, తెల్ల అంచు. ఫొటో పంపారు. చూసి "బాగుంది" అని బొటనేలు గుర్తు పెట్టాను.

ఈ సంక్రాంతికి పోయాను. పండగైన మూడో నాడు సాయంత్రం మా అత్త ఆకు అల్లి ఇంటికి వస్తుంటే ఎదురుపోయాను. అరవై అయిదు దాటాయి, మానుకోమంటే వినదు. కంటికి శుక్లాలు తీయించాం, ఇప్పుడు నాకన్నా బాగా కనిపిస్తుంది. బడి ముందర ఆగింది. రంగులు వేశాక నిలబడి చూడలేదంట, పొద్దున చీకట్లో పోవడం, చీకట్లో రావడం.

గోడ దగ్గరికి పోయి పైకే చదివింది, ఒక్కో అక్షరం. "కీ... ర్తి... శే..." పేరు దాకా వచ్చి ఆగింది. "ఈయనెవురబ్బా?"

"సైకిలన్నే అత్తా."

"ఓహో" అనింది. నా మొహం చూడలేదు. మళ్ళీ చదువుకుంటా పోయింది. జ్ఞాపకార్థం దగ్గర కొంచెం తడబడి దాటేసింది. "ని... ర్మిం... చిన... పా... ర... శాల. పారశాలా? పారశాల ఏందిరా?"

దగ్గరికి పోయి చూశాను. చుక్క లేదు. అరచేయంత అక్షరం, తెల్ల అంచుతో నిగనిగలాడుతోంది, మధ్యలో ఏమీ లేదు. ఫొటోలో నాలుగు సార్లు చూశాను నేను. పెద్దది చేసి మరీ చూశాను.

"ఇరుసు పెట్టకుండా వదిలేసినారు" అనింది మా అత్త. అటూ ఇటూ చూసింది, రంగు లేదు, పుల్ల లేదు. కుడి చేయి చూసుకుంది. అప్పుడే ఆకు మీద నుంచి లేచి వచ్చిన చేయి, బంకతో నల్లగా, జిగటగా ఉంది. బొటనేలు అక్షరం నడుమ ఆనించి, గట్టిగా ఒత్తి, ఒకసారి అటూ ఇటూ తిప్పి తీసింది.

"పా, సంగటి చల్లారిపోతాది" అనింది.